ముసలమ్మ ఓడ, లైట్ల దొంగలు

మొన్న మా అమ్మాయి ఆటల్లో పడి మోకాలు చీరుకుపోతే సూర్యాపేటలో మా వీధి చివర ఉన్న దవాఖానకు తీసుకెళ్లాను. టీటీ సూది వేయడానికి నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి దాని చేతికి రాసింది. ఆ వాసన అందరికీ సూదిని గుర్తు చేస్తుంది కానీ నాకు మాత్రం సినిమాను గుర్తు చేస్తుంది. సూది కనబడగానే అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుని, "ముసలమ్మ ఓడ ఆఖరుకు ఏమైందో చెప్తేనే ఏపిచ్చుకుంట. తాత చెప్పిందే చెప్పాలె" అని బేరం పెట్టింది. నర్సు నవ్వి, పక్క మంచం మీది పిల్లవాడికి ముందు వేసి వస్తానని వెళ్లింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ ఆఖరు నాకే తెలియదు.

మా నాన్న ఒక డాక్టరు దగ్గర కంపౌండరుగా ఉండేవాడు. ఎనభైల చివర్లో, నేను రెండో తరగతో మూడో తరగతో చదివే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం దుప్పట్లో చుట్టిన టీవీ, దాని ఒళ్లో వీడియో ప్లేయరు రిక్షాలో మా ఇంటి ముందు దిగేవి. కిరాయి సామానంటే నాన్నకు నమ్మకం లేదు. ప్లేయరు మూత విప్పి, లోపల టేపు ఆనే హెడ్డును స్పిరిట్ దూదితో, పసిపిల్లవాడి పుండు కడిగినంత మెల్లగా తుడిచేవాడు. ఆ ఘాటు వాసన గదిలో నిండుతుంటే, వంటింట్లోంచి మక్క గారెల నూనె వాసన దానితో కలిసిపోతుంటే, బయట వాన చినుకులు రేకుల మీద పడుతుంటే, ఇక ప్రపంచంలో మాకు కావలసిందేదీ మిగిలేది కాదు.

మా ఇంటికి అప్పుడు రెండు ఆకాశాలుండేవి, ఒకటి నాన్నది, ఇంకొకటి కోదాడలో ఉండే మా మేనమామది. నాన్నకు హైదరాబాదు స్నేహితుడొకడు క్యాసెట్లు పంపేవాడు. మామ లారీ నడిపేవాడు, మిర్యాలగూడ బియ్యం బెజవాడలో దించి వస్తూ సీటు కింద క్యాసెట్లు పెట్టుకొచ్చేవాడు. నాన్న కథలో నీళ్లెండిపోయిన లోకం నుంచి బయలుదేరిన జనం పెద్ద ఓడలో చుక్కల మధ్య తిరుగుతూ నీళ్లున్న నేల కోసం వెతుకుతుంటారు, వాళ్లందరికీ పెద్దదిక్కు ఒక నెరిసిన జుట్టు ముసలమ్మ. మామ కథలో చీకటి లోకాలకు వెలుతురును పెట్టెల్లో దొంగిలించి చేరవేసే ముఠా ఒకటి, వాళ్లను తరుముతూ రాజుగారి సైన్యం. రెండూ భాగాలు భాగాలుగా వచ్చేవి. అసలు పేర్లు ఇంగ్లీషులో ఏవో ఉండేవి గానీ మా ఇంట్లో మాత్రం అవి ముసలమ్మ ఓడ, లైట్ల దొంగలు.

మామకు నాన్న ఓడంటే ఎంత వేళాకోళమో చెప్పలేను. ఎంతసేపూ బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడమేనని, అది ఓడ కాదు పంచాయతీ ఆఫీసని ఆటపట్టించేవాడు. నాన్న ఊరుకునే మనిషి కాదు. ఎగురుడు, కాల్చుడు తప్ప మీ దొంగలు కూర్చొని కడుపునిండా అన్నం తిన్నది ఎప్పుడన్నా చూపించమని బామ్మర్దిని నిలదీసేవాడు. అటు మొగుడు, ఇటు తమ్ముడు కావడంతో అమ్మ ఇద్దరికీ గారెలు సమానంగా వేసి పక్కకు తప్పుకునేది. నేను బడి ఉన్నన్నాళ్లు సూర్యాపేటలో ఓడ పక్షం, ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ వాళ్లింటికి కోదాడ పోతే దొంగల పక్షం.

చిత్రమేమిటంటే ఆ సినిమాల్లో ఒక్క మాటా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాన్నకు మందుల పేర్లు చదివేంత ఇంగ్లీషు, మామకు దారి పక్క బోర్డులు చదివేంత ఇంగ్లీషు వచ్చు, అంతే. అయినా ఇద్దరూ తడుముకోకుండా, తెర మీద పెదవి కదిలిన ప్రతిసారీ కథ చెప్పేవాళ్లు. నాన్న ముసలమ్మ అచ్చం మా నాయనమ్మలా, "ఇంజిన్ జర సల్లారనియ్యి బిడ్డా, ఉరికి ఏడికి పోతం?" అనేది. మామ దొంగలు సైన్యం తలుపు ముందు నిలబడి, "ఏవండీ, తలుపు తీస్తారా, మమ్మల్నే తీసుకోమంటారా?" అని మర్యాదగా అడిగి మరీ బద్దలుకొట్టేవాళ్లు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో మునగాల దాటుతుంటే జనం మాట మెల్లగా మారుతుంది కదా, ఆకాశంలో కూడా ఎక్కడో ఒక మునగాల ఉంటుందని, అది దాటితే అందరూ మామలా మాట్లాడతారని నేను చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. మార్కెట్ యార్డులో వడ్ల బస్తాల గుట్టలెక్కి ఓడాట ఆడేటప్పుడు దొంగల వేషం వచ్చినవాడు కోదాడ మాట మాట్లాడకపోతే ఆటలోంచి తీసేసేవాళ్లం.

ముసలమ్మ ఓడ చివరి భాగం మిర్యాలగూడలో చూశాం. మా పెద్దమ్మ కొడుకు పెళ్లి అయిన మర్నాడు, చుట్టాలెవరూ ఇంకా కదలలేదు. పక్కనే రైసుమిల్లు, ఇల్లంతా ఉడికిన వడ్ల వాసన, మిగిలిన బూరెలు, కుండలో మజ్జిగ, చాపల మీద ఒకరి మీద ఒకరు పడి పిల్లలం. మామ వెనక మంచం మీద మొహాన తువ్వాలు కప్పుకుని, పంచాయతీ మొదలైంది, నన్ను లేపకండని పడుకున్నాడు. తెర మీద దూరంగా నీళ్ల లోకం నీలంగా కనబడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

పిల్లలం ఏడుపు లంకించుకున్నాం. సాయంత్రానికి టీవీ వెనక్కి పోవాలి, క్యాసెట్టు హైదరాబాదు పోవాలి. నాన్న మాత్రం విసనకర్ర అందుకుని, "పోతే పోనియ్యిండ్రి. బొమ్మనే పోయింది, కథ ఏడికి పోతది?" అన్నాడు. మేమంతా నల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాం, నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. బూరెల మత్తు, విసనకర్ర గాలి, నాన్న తొడ మీద తల. నాకు నిద్ర పట్టేసింది. లేచేసరికి టీవీ రిక్షా ఎక్కుతోంది.

తర్వాత ఎప్పుడైనా అడగవచ్చులే అనుకుంటూనే పెద్దవాణ్ణయ్యాను. మా అమ్మాయి పుట్టకముందే నాన్న పోయాడు. రెండు కథలూ రెండు గొంతులతో దానికి చెబుతూ పెంచాను గానీ ఓడ ఆఖరు దగ్గర ఆగిపోయేవాణ్ణి. అసలు సినిమా ఇంటర్నెట్‌లో వెతికి చూపించాను. అందరూ దిగారు, జెండా పాతారు, కావలించుకున్నారు. అమ్మాయి మొత్తం చూసి, "మంచిగనే ఉంది గానీ ఇది తాతది కాదు" అంది. అమ్మనడిగితే ఆ పూట వంటింట్లో ఉన్నానంది. అమ్మాయి కంటే నాకే ఎక్కువ బాధగా ఉండేది. తాతను చూడని పిల్లకు తాతది ఇవ్వగలిగింది అదొక్కటే, అదీ నా నిద్ర పాలయింది.

దవాఖానలో ఇక దారి లేక కోదాడకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. మామ ఇప్పుడు లారీ మానేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. విషయం విని, "నాకేం తెలుసురా, ఆ రోజు నేను పడుకున్నాను కదా" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, తనది కాని గొంతుతో మొదలుపెట్టాడు.

"ఇగ సూడు బిడ్డా, అందరు దిగిన్రు, ముసల్ది దిగలే. నీళ్లు నింపుకొని మల్ల ఓడ తీసింది. నడిమిట్ల ఓడల కరెంటు పోయింది. అంత సీకటి. గప్పుడే లైట్ల దొంగలు ఎదురొచ్చిన్రు, దూపతోని నాలుకలు పిడచకట్టినయ్. ముసల్ది తలుపు తీసింది. 'ఎక్కుండ్రి, మా కాడ నీళ్లున్నయి, మీ కాడ లైట్లున్నయి, ఇగ కొట్లాట దేనికి?' అన్నది."

అది మా నాన్న. విరుపు, ఆగడం, చివర్లో చిన్న నవ్వు, అన్నీ నాన్నవే. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతు కోదాడ నుంచి వస్తుంటే నాకు కళ్లు నిండాయి, సంతోషంతోనే. నర్సు ఎప్పుడు సూది వేసిందో అమ్మాయి చూసుకోనే లేదు. ఆ రోజు నిద్రపోయిన కోదాడ తాతకు ఇదంతా ఎలా తెలుసని అడిగింది. మామ తన గొంతులోకి వచ్చేసి, "తువ్వాలు కిందే విన్నానమ్మాయ్. మీ తాత మావాళ్లను ఎక్కించుకుంటుంటే నిద్రెలా పడుతుంది?" అన్నాడు.

బయటికొచ్చాం. వీడియోలు కిరాయికిచ్చిన దుకాణం చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కోదాడ బస్సులు నాలుగు వరుసల రోడ్డు మీద దూసుకుపోతున్నాయి, అందరూ చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చుంటారు, మాట ఎక్కడ మారుతుందో ఎవరికీ వినబడదు. రిక్షా లేదు, నాన్న లేడు. స్కూటర్ స్టార్ట్ చేసి ఎక్కమన్నాను. అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడింది.

"గట్ల కాదు నాన్నా, తాత లెక్క పిలువు."

రోడ్డు మీద జనం చూస్తుండగానే పిలిచాను. "ఎక్కు బిడ్డా, మా కాడ నీళ్లున్నయి."

అది ఎగిరి వెనక కూర్చుని, నా భుజాలు పట్టుకుని, అచ్చం కోదాడ మాటలో చెప్పింది.

"మా దగ్గర లైట్లున్నాయండీ, పోనివ్వండి."