నార్కట్‌పల్లి గానుగకు పట్నం గిరాకీ

నేను చేసే పనేమిటో మా అమ్మకు ఇప్పటికీ అంతుపట్టదు. నల్గొండ చుట్టుపక్కల చిన్న చిన్న దుకాణాల వాళ్లకు కూడా ఇప్పుడు వెబ్‌సైట్లున్నాయి. వాటిని ఎంతమంది చూశారు, ఎక్కడి నుంచి చూశారు, ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారు అన్న లెక్కలను వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం నా పని. "అంటే జాతకం చెప్తవా?" అంటుంది అమ్మ. కాదని చాలాకాలం వాదించాను. ఇప్పుడు ఊరుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా మంచి మాట చెబితేనే నమ్ముతారు మరి.

వాళ్లందరిలో ఘనుడు నార్కట్‌పల్లిలో గానుగ నూనె అమ్మే అన్న. చుట్టరికమేమీ లేదు. ఆయన నన్ను చెల్లె అంటాడు, నేను అన్న అంటాను, వాళ్లావిడా నేనూ ఒకరినొకరం వదినా అనుకుంటాం. అన్న కట్టె గానుగలో పల్లీలు, నువ్వులు ఆడించి నూనె తీస్తాడు. గానుగ తిరిగేది కరెంటు మోటరుతో. వెబ్‌సైట్‌లో మాత్రం పెద్ద కొమ్ముల ఎద్దు ఫొటో పెట్టాడు. "ఈ ఎద్దు ఏది అన్నా?" అని అడిగితే, "మేతకు పోయింది" అంటాడు తడుముకోకుండా.

ఆ సైటులో వదిన పట్టుబట్టి రాయించిన పేజీ ఒకటుంది. హైవే మీద ఎక్కడ ఆగాలి, టైర్ల దుకాణం పక్క సందులోకి ఎలా తిరగాలి అని దుకాణానికి దారి చెప్పే పేజీ. "మనం యాడున్నమో ఎవలకు తెల్వదు?" అని అన్న దాన్ని ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు.

ఒక శనివారం అన్న ఫోన్ చేసి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ తెరిచి, నూనె డబ్బాల మధ్య పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

"సూడు చెల్లె, లెక్కల గీత ఎట్ల పైకి పోతాందో! సూసేటోళ్లంత పట్నపోళ్లే. ఆదివారమైతే ఇగ చెప్పనే వద్దు. సోమవారం పట్నం పోయి ఎల్బీనగర్‌ల దుకాణానికి అడ్వాన్స్ ఇచ్చొస్త. గీ జాగ ఖాళీ చేస్త. నువ్వొక్కసారి సూసి సరే అను."

వదిన చాయ్ గ్లాసులు చప్పుడయ్యేలా పెట్టింది. ఆమె కేతేపల్లిలో అంగన్‌వాడీ టీచరు. రోజూ బస్సులో పోయి వస్తుంది. "పట్నం పోతే నా నౌకరి పోతది వదినె. గీయన మోజు తీరినంక నాకు మల్ల ఎవలిస్తరు?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెను చూస్తే నాకు జాలేసింది. నేను తల ఊపితే వీళ్ల సంసారం లారీ ఎక్కుతుందని భయం కూడా వేసింది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అందామని నోటిదాకా వచ్చింది. మింగేసి, నా ఫోన్లో ఆయన సైటు తెరిచాను. ల్యాప్‌టాప్ మీద ఆ క్షణాన చూస్తున్నవాళ్ల లెక్కలో ఒక మనిషి, ఊరు హైదరాబాద్ అని వచ్చింది.

"ఎవరన్నా అది?"

"ఎవలో పట్నపాయన" అన్నాడు గర్వంగా.

ఫోన్ ఎత్తి చూపించాను. "నేనే."

ఆయన నన్ను చూశాడు, తెరను చూశాడు, గడప అవతల సందును చూశాడు. "అయితే నువ్వు పట్నంల ఉన్నవా?"

మన ఫోన్ల సిగ్నల్ హైదరాబాద్ మీదుగా నెట్‌లోకి పోతుందని, అందుకే నల్గొండ జిల్లాలో కూర్చుని చూసినా చాలాసార్లు ఆ ఊరి పేరే పడుతుందని చెప్పాను. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి ఆదివారం?" అన్నాడు అన్న, పట్టు వదలకుండా.

దానికి జవాబు వదినే చెప్పింది. సైటు పెట్టిన కొత్తలో అన్న చర్చిలో లేచి నిలబడి, ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం ఒకసారి తన సైటు తెరవమని అందరికీ దండం పెట్టాడట. ఆయన మాత్రం దుకాణం తెరవాలని ఆరాధన ముగియకముందే వెళ్లిపోతాడు. ఆ సంగతే మరిచిపోయాడు. చర్చి సంఘం మాత్రం మరవలేదు. "అవ్వలు గూడ మనుమండ్లతోని తెరిపిస్తున్నరు. అందరి ముంగట మాట ఇచ్చిరి కద!"

"నాకెందుకు చెప్పలే?"

"అడిగింది నువ్వే, మల్ల నీకు నేను యాది చెయ్యాల్నా?"

అన్న ముఖం వాడిపోయింది. అంతసేపూ ఆటపట్టించిన నాకే మనసు చివుక్కుమంది. లెక్కలు ఇంకాస్త కిందికి జరిపాను. ఆదివారం వాళ్లంతా ఎద్దును చూసి వెంటనే మూసేశారు. మామూలు రోజుల్లో మాత్రం కొందరు దారి చెప్పే పేజీకి వెళ్లి, అక్కడ బాగానే ఆగారు.

"వీళ్లూ మీవాళ్లేనేమో అన్నా" అన్నాను కావాలనే.

"మావోళ్లకు తొవ్వతోని ఏం పని? కండ్లు మూసుకొని వస్తరు" అని కసిరాడు. అంతలోనే ఆగిపోయాడు. మళ్లీ తెర దగ్గరికి వంగాడు. "అంటే గీళ్లు... తెల్వనోళ్లు. ఈడికి రావాలనుకునేటోళ్లు."

"ఆళ్లు తొవ్వ దేవులాడుకుంట వస్తాంటే, మనం తాళమేసి పోదామా?" అంది వదిన.

ఆయన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, వెళ్లి మోటరు వేశాడు. సోమవారం ఎల్బీనగర్ పోలేదు.

కొన్నాళ్ల తర్వాత సైటు చూస్తే, వదిన రాయించిన దారి కింద కొత్త వాక్యం కనిపించింది: "తొవ్వ దొరకకుంటే ఫోన్ చెయ్యుండ్రి. హైవే దాక ఎదురొస్త." నాకు సంతోషం పట్టలేక వెంటనే వదినకు ఫోన్ చేశాను. కేతేపల్లిలో ఉంది. వెనక పిల్లలు గోల గోలగా పాట పాడుతున్నారు.

"నిజంగనే ఎదురు పోతుండు వదినె, మోటరు బంద్ చేసి మరీ" అంది గొంతు పెంచి. "అంతల ఎవలన్న దుకాణానికొచ్చి ఆయనేడి అంటే, ఎద్దు మేతకు పోయిందని టైర్ల దుకాణపాయనను చెప్పమన్నడు."