కోడలి స్వెట్టరుకు ఎన్ని కుట్లు

మే నెల మొదటి వారం. పొద్దున ఏడున్నరకే గోదావరిఖనిలో రేకుల కప్పులు చిటపటమంటున్నాయి. రఘుపతి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టాడు. పాల ప్యాకెట్లు పట్టుకుని అటుగా పోతున్న బిక్షం ఆగాడు. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే గనిలో దిగినవాళ్ళు.

"ఎవలికే ఇది? సూర్యునికా?"

"కోడలికి."

"గీ ఎండల కోడలికి చలి పెడ్తుందా?"

"పెడ్తది. నువ్వు ఫికర్ చెయ్యకు, నీకైతే అల్లుత లేను."

చలి మాట నిజమే. కోడలు సంధ్యారాణి రామగుండంలో థర్మల్ కేంద్రపు కంట్రోల్ రూమ్‌లో ఇంజినీరు. బయట నలభై ఆరు డిగ్రీలున్నా లోపల ఇరవై రెండే ఉంచుతారు. యంత్రాలకు ఆ చల్లదనం హాయి. ఎనిమిది గంటలు తెరల ముందు కూర్చునే మనిషికి మాత్రం భుజాలు పట్టేస్తాయి. కరెంటు పుట్టేచోట ఏసీ తగ్గించుకోమని చెప్పేవాళ్ళు ఎవరుంటారు?

రఘుపతి అల్లిక నేర్చింది ఏ కోరికతోనూ కాదు. రిటైరైన ఏడాది స్కూటర్ మీంచి పడి ఎడమచేతి వేళ్ళు రెండు విరిగాయి. కట్టు విప్పాక రోజూ రబ్బరు బంతి పిసకమన్నారు. వారం పిసికి విసుగెత్తి బంతిని గోడవతలకు విసిరాడు. అది ఎదురింటి చంద్రమతి పూలకుండీలో పడింది. ఏలూరు వైపు నుంచి నలభై ఏళ్ళ కిందట భర్త ఉద్యోగం వెంట వచ్చిన ఆవిడ బంతిని తిరిగి ఇవ్వలేదు. రెండు సూదులు, ఉన్ని ఉండ ఇచ్చింది. "వేళ్ళు ఆడాలంటే ఇదే మేలండి అన్నయ్యగారూ, చివరికి ఏదో ఒకటి మిగులుతుంది" అంది.

మగవాడు అల్లుతున్నాడని తెలిసి ఒక యూట్యూబ్ చానెల్ కుర్రాడు మైకు పట్టుకుని వచ్చాడు. సమాజానికి ఏం సందేశం ఇస్తారని అడిగాడు. "సందేశమేం లేదు సార్, ఏలు ఇరిగింది" అన్నాడు రఘుపతి. ఆ వీడియో రాలేదు. మంచిదే అయింది.

మొదట టోపీలు, తర్వాత మఫ్లర్లు. ఆ పైన భార్య జమునకు మంచిర్యాల నుంచి ఉన్ని తెచ్చి, కొలతా గిలతా లేకుండా అందాజ మీద ఒక స్వెట్టర్ చేశాడు. భుజాలు మోచేతుల దాకా జారాయి, పొడవు బొడ్డు దగ్గర ఆగిపోయింది. జమున దాన్ని చుట్టాలింటి పెళ్ళికి వేసుకుపోయింది. తిరిగొచ్చి మడిచి బీరువాలో పెట్టింది. నెల తిరక్కుండానే అది వంటింట్లో మిక్సీ మీద కనిపించింది.

"దానికి కూడ పొట్టిగనే ఉన్నది" అంది జమున.

మిక్సీ సంగతికి ఆయన బాధపడలేదు. తన మనసు నొచ్చుకుంటుందని ఆవిడ ఆ ఒక్కరోజు వేసుకుంది చూడండి, అది గుచ్చుకుంది. అందుకే స్వెట్టర్ మాట వచ్చినప్పుడు సంధ్యారాణి పెట్టిన షరతు ఆయనకు తెగ నచ్చింది.

"కుదిరితే రోజూ ఏసుకుంట మామా. కుదరకపోతే ఏసుకోను. మీరు బాధపడ్తరని ఏసుకొని తిరుగుడు నాతోని కాదు."

"గట్లనే. కుదరకపోతే ఇప్పేస్త."

ఇక ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ అమ్మాయి ఆ స్వెట్టర్‌ను మొహమాటం లేకుండా డ్యూటీకి వేసుకుపోవాలి.

చిక్కు నూలుతో మొదలైంది. చంద్రమతి దగ్గరున్న పాత పుస్తకంలో మంచి నమూనా ఉంది గానీ అది ఉన్నికి రాసింది. సంధ్యారాణికి ఉన్ని దురద. పైగా రోజుకు రెండుమూడుసార్లు కంట్రోల్ రూమ్‌లోంచి బాయిలర్ వైపు పోయి రావాలి. అక్కడ ఉన్నితో నిలబడితే ఉడికిపోతుంది. అందుకని ఆమే ఫోన్‌లో వెతికి నేరేడుపండు రంగు నూలు పన్నెండు ఉండలు తెప్పించింది. అవి వచ్చిన మర్నాటికే ఆ రంగు అయిపోయిందని అదే ఫోన్ చెప్పింది. ఉన్నవి పన్నెండే. ఇంకొకటి కావాలన్నా దొరకదు.

చంద్రమతి ఉండను అరచేతిలో తూచి చూసి పెదవి విరిచింది. "ఉన్ని సాగుతుందండి, మన తప్పుల్ని కాస్త కడుపులో పెట్టుకుంటుంది. నూలు సాగదు. పుస్తకంలో అంకెలు నమ్మారంటే మునిగిపోతారు. ముందు నమూనా ముక్క అల్లండి."

నమూనా ముక్క అంటే జానెడు చదరం అల్లి, నాలుగు అంగుళాల్లో ఎన్ని కుట్లు పట్టాయో లెక్కపెట్టడం. పుస్తకంలో ఉన్నికి ఇరవై రెండు అని ఉంది. రఘుపతికి ఈ నూలుతో ఇరవై నాలుగు వచ్చాయి. లావు సూదులు తీసుకుంటే ఇరవై రెండుకు దిగింది గానీ బట్ట దోమతెరలా తయారైంది. మళ్ళీ పాత సూదులే పట్టాడు. అనుమానం తీరక మధ్యాహ్నం ఇంకో ముక్క అల్లాడు. అవే సూదులు, అదే నూలు, అవే చేతులు. ఈసారి ఇరవై ఆరు.

ఇంకొకరైతే నూలును తిట్టుకునేవారు. రఘుపతి రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన సర్వే సెక్షన్‌లో చైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. సర్వేయర్ ఒక కొసన అద్దంలోంచి చూస్తుంటే, గని చీకట్లో రెండో కొసన టేపు పట్టుకుని నిలబడేవాడు చైన్‌మన్. రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చే సొరంగాలు నడుమ కలవాలంటే మొదట్లో కొలత తప్పకూడదు. ఇక్కడ అంగుళం పోతే అక్కడ గజం పోతుంది. టేపును ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా లాగినా లెక్క మారుతుంది. "రఘుపతీ, పుల్ ఒక్క తీరుగ ఉంచు" అనే కేక ఆయన చెవులకు అలవాటైనది. గని ఆయనకు అల్లిక నేర్పిందని రాస్తే అందంగా ఉంటుంది గానీ అది అబద్ధం. గని నేర్పింది అనుమానం. ఒకసారి కొలిచినదాన్ని నమ్మకపోవడం.

మధ్యాహ్నం చెమట చేతులకు నూలు అతుక్కుంటోంది, తెలియకుండానే గట్టిగా లాగుతున్నానని ఆయనకు అర్థమైంది. ఇక పొద్దున తొమ్మిది లోపే అల్లాలని నిర్ణయించుకున్నాడు. పొద్దున అల్లిన మొదటి ముక్కను ఉతికి, తీగ మీద ఆరేసి, గంటలో ఎండితే మళ్ళీ కొలిచాడు. వెడల్పు మారలేదు. ఇరవై నాలుగే. అంటే అంగుళానికి ఆరు కుట్లు.

కుట్ల లెక్క తేలింది. మిగిలింది మనిషి కొలత. ఇక్కడికొచ్చేసరికి పాతాళం కొలిచిన మనిషి నోరు పడిపోయింది.

మామా కోడళ్ళు కలిసి క్రికెట్ చూస్తారు. ఆమె వండితే ఉప్పెక్కువైందని ఆయన అంటాడు, ఆయన వండితే ఆమె అంటుంది. కొడుకు వేణుమాధవ్ మంచిర్యాల బ్యాంకు నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఒక జట్టుగా ఉంటారు. కానీ నీ ఛాతీ కొలత ఎంతమ్మా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. జమునతో అడిగించవచ్చు. ఆ మాట జమునతో అనడానికీ నోరు రాలేదు. దీన్ని మర్యాద అంటారు. ఈ మర్యాద వల్ల ఎవరికీ పైసా లాభం లేదు, నష్టం మాత్రం ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

ఆయన ఒక ఉపాయం చేశాడు. మనిషి పోలేని చోటును పక్కనుంచి కొలవడం ఆయనకు తెలిసిన పనే. దండెం మీద ఆరేసిన కోడలి కుర్తాను తీసి, మంచం మీద పరిచి టేపు పెట్టాడు. ఒక పక్క ఇరవై అంగుళాలు, అంటే చుట్టూ నలభై. స్వెట్టర్ ఒంటికి అతుక్కోకుండా నాలుగు అంగుళాలు వదులు కలపమని పుస్తకంలో ఉంది. కలిపాడు. నలభై నాలుగు. వెనక భాగం ఇరవై రెండు. అంగుళానికి ఆరు చొప్పున నూట ముప్పై రెండు కుట్లు సూది మీదికి ఎక్కించాడు. కుర్తాను ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి దండెం మీద వేసి, క్లిప్పులు కూడా పెట్టాడు.

నాలుగు పొద్దులు అల్లాడు. ఆరంగుళాలు లేచేసరికి ఒక ఉండ అయిపోయి, రెండోది కూడా కొంత పోయింది. ఈ లెక్కన రెండో చెయ్యి పూర్తి కాదు. నూలు చాలదు. కుట్లు మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగు అంగుళాల్లో ఇరవై నాలుగు, ఒక్కటి కూడా తేడా లేదు. లెక్కంతా సరిగ్గానే ఉంది, వస్తువే తప్పుగా ఉంది. అంతకంటే చికాకైన పరిస్థితి కొలిచేవాడికి ఇంకొకటి లేదు.

బుధవారం మొదటి షిఫ్టు దిగి మూడింటికి ఇల్లు చేరిన సంధ్యారాణి, నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకునే కుర్చీ మీది ముక్కను రెండో చేత్తో ఎత్తి చూసింది.

"ఎవలిది మామా ఇది?"

"నీదే."

ఆమె దాన్ని నడుం దగ్గర పెట్టుకుని పక్కలకు చూసుకుంది. రెండు వైపులా బట్ట మిగిలింది. లోపల్నుంచి వచ్చిన జమున చూసి, "ఇండ్ల మేమిద్దరం పడ్తం" అంది.

"కొలత ఎట్ల తీసిన్రు?" అడిగింది సంధ్యారాణి.

రఘుపతి సూదులు సర్దుకున్నాడు. "నీ కుర్తా కొలిసిన. దండెం మీదిది."

"పసుపుదా?"

"ఆఁ."

"గది ఇంట్ల ఏసుకునే లూజు కుర్తా మామా. దాంట్లనే నాలుగు ఇంచులు ఎక్కువుంటది. మీరు మల్ల కలిపిన్రా?"

"పుస్తకంల కలుపుమన్నది."

"పుస్తకం మనిషికి కలుపుమన్నది, కుర్తాకు కాదు." ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "అడిగితే చెప్పకపోదునా? ముప్పై ఆరు."

జమునకు నవ్వు ఆగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బొగ్గు బాయిల ఎంత లోతున్నా కొలిచిండు. కోడలి తాన ఒక్క మాట అడగనీకి పానం పోయింది ఈయనకు."

"మీరన్నా అడగొద్దా అత్తమ్మా?"

"నాకేమెరుక? దండెం కాడ టేపు పట్టుకొని నిలబడితే తీగ సాగిందేమో చూస్తుండనుకున్న."

ఆ మాటకు రఘుపతి కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. ముప్పై ఆరు, నాలుగు, నలభై. వెనక భాగం ఇరవై. నూట ఇరవై కుట్లు. నోటితో అనకుండానే లెక్క కట్టేశాడు. సూదులు లాగేసి, అక్కడే కూర్చుని ఆరంగుళాలూ విప్పాడు. సంధ్యారాణి ఎదురుగా కూర్చుని వచ్చే నూలును ఉండ చుట్టింది. ఒకరు విప్పుతుంటే ఒకరు చుట్టడం పావుగంట పని. అంతసేపూ ఇద్దరూ టీవీలో మ్యాచ్ తిట్టారు.

విప్పిన నూలు ముడతలు పడిందని చంద్రమతి దాన్ని వదులుగా పెద్ద వలయంలా చిలప చుట్టి, తడిపి, చిన్న రాయి కట్టి వేలాడదీసింది. మర్నాడు పొద్దున ఏడింటికి రఘుపతి నూట ఇరవై కుట్లు ఎక్కించాడు. తొమ్మిదికి ఆపేశాడు. అలా ఐదు రోజులు. ఆరంగుళాలకు సరిగ్గా ఒక ఉండ. పన్నెండు ఉండలకు సరిపోతుంది, చివరికి మూరెడు దారం కూడా మిగలకపోవచ్చు.

కుదిరిందా అని ఆయన అడగలేదు. సోమవారం సంధ్యారాణికి రెండో షిఫ్టు. పదకొండింటికి ఆ ముక్కను సూదితో సహా గదిలోకి పట్టుకుపోయింది. అద్దం ముందు నిలబడి, జమునతో తన వీపుకు పట్టించుకుంది. బయట రఘుపతి పేపర్ తిరగేస్తున్నాడు, ఒకే పేజీని రెండుసార్లు.

ఆమె వచ్చి ముక్కను ఆయన ఒళ్ళో పెట్టింది.

"చేతులు మణికట్టు దాక వద్దు మామా. మోచెయ్యి కింద రెండు ఇంచులకు ఆపున్రి. బటన్లు నొక్కేటప్పుడు అడ్డమొస్తయి."

"సరే. గట్లయితే నూలు మిగుల్తది."

"మిగిలితే కుడి పక్కకు ఒక జేబు పెట్టున్రి. ఐడీ కార్డు, పెన్ను పట్టాలె. పెన్ను దొర్కక రోజూ పక్క సీట్లడుగుతున్న."

"రోజూనా?"

"రోజూ."

రఘుపతి చెయ్యి చాపాడు. "ఏదీ, కార్డు ఇటియ్యి."

ఆమె మెడలోంచి కార్డు తీసి ఇచ్చింది. ఆయన టేపు పరిచి పొడవూ వెడల్పూ రెండుసార్లు కొలిచాడు.