నురగ నిలిచే నీళ్లు

గుండుగొలను దగ్గర రోడ్డు పక్క ఇసకలో స్కూటర్ జారి మావారి కుడి మణికట్టు విరిగింది. ప్రాణానికి భయం లేదు గానీ, ఏలూరులో డాక్టరుగారు వేళ్ల మొదళ్ల నుంచి మోచేయి దాకా కట్టు వేసి, నెలన్నర పాటు చెయ్యి కదపొద్దన్నారు. ఎడంచేత్తో స్పూను పట్టుకుని తినడం ఆయన త్వరగానే అలవాటు చేసుకున్నారు. చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని. చిక్కంతా గడ్డం దగ్గర వచ్చింది.

ఆయనకి బ్యాంకులో కౌంటరు ఉద్యోగం. ఇంట్లో ఉన్నా సరే, పొద్దున్నే గడ్డం గీసుకోకపోతే మొహం తనది కానట్టుంటుందంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వాడేవి అవే: ఒక బ్రష్షు, గిన్నె అడుగున అతికించిన గుండ్రటి సబ్బు, బ్లేడు పెట్టే పాతరకం రేజరు. ఇంకే క్రీము రాసినా మెడంతా దద్దుర్లు లేస్తాయి. అందుకే సెలూనుకి వెళ్లడం మానేసి ఎన్నాళ్లో అయింది. కట్టు వేసిన మూడోనాడు ఎడంచేత్తో గీసుకోబోయి చెవి కింద కోసుకున్నారు. రక్తం తుడుస్తూ, రేపట్నుంచి నేను గీస్తానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు నురగ తియ్యడం నేర్చుకోమన్నారు.

అందులో నేర్చుకోవడానికేముంది అనుకున్నాను. బ్రష్షు నీళ్లలో ముంచి సబ్బు మీద గిరగిరా తిప్పాను. గిన్నె నిండా నురగొచ్చింది. బుగ్గకి రాయగానే అది మెడ మీదుగా బనీనులోకి కారిపోయింది. మిగిలిన కాస్తా, ఒక బుగ్గ గీసేలోపు రెండో బుగ్గ మీద ఆరిపోయింది. రేజరు బరబరలాడుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు.

మర్నాడు గిన్నె ముందు పెట్టుకుని అడిగాను.

"నీళ్లు ఎన్ని పొయ్యాలండీ?"

"కొంచెం."

"ఎంతసేపు తిప్పాలి?"

"నురగ అయ్యేదాకా."

ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. కాదు, ఆయనకి నిజంగానే తెలియదు. ఇన్నేళ్లుగా రోజూ చేస్తున్న పని చేతికే తెలుసు, నోటికి తెలియదు. నాకది చిత్రంగా తోచింది. బ్రష్షు ఆయన ఎడంచేతికిచ్చి, మాట్లాడకుండా, కళ్లు మూసుకుని, ఎప్పుడూ చేసేది చేసినట్టే చేసి చూపించమన్నాను. ఆయన బ్రష్షు నీళ్లలో ముంచారు. పైకి తీసి, సబ్బు దగ్గరికి పోనివ్వకుండా, సింకులోకి గట్టిగా ఒక్క విదిలింపు విదిలించారు.

"అదేంటండీ, విదిలించేశారు?"

ఆయన కళ్లు తెరిచి చేతిలోని బ్రష్షు వంక చూసుకున్నారు. "నేను విదిలిస్తానా?" అన్నారు.

అక్కడ నాకు దారి దొరికింది. ఆ ఆదివారం వంటింట్లో గిన్నె పెట్టుకుని, నా ముంజేతి మీదే రాసుకుంటూ కూర్చున్నాను. నీళ్లు విదిలించిన బ్రష్షుతో తిప్పితే మొదట నురగే రాదు. సబ్బు జిగురుగా, గోడకి పోస్టరు అంటించే మైదాలా బ్రష్షుకి పట్టుకుంటుంది. అలా బాగా పట్టాక, కొసలు మాత్రం నీళ్లకి తాకించి మళ్లీ తిప్పాలి. మళ్లీ తాకించాలి. గారెలకి పప్పు రుబ్బేటప్పుడు మనం చేసేదీ ఇదే కదా. నీళ్లు ఒక్కసారి పోసేస్తే పిండి జారిపోతుంది. చెయ్యి తడుపుకుంటూ, చిలకరించుకుంటూ రుబ్బితేనే తేలిగ్గా పొంగుతుంది. ఈ పోలిక తట్టాక భయం పోయింది. కాసేపటికి గిన్నెలో బుడగలు మాయమై, నురగకి ఒక మెరుపొచ్చింది. బ్రష్షు పైకెత్తితే కొస వంగి అలాగే నిలబడింది.

మావారి బుగ్గకి రాశాను. ఆయన ఎడంచేతి వేలితో కాస్త తీసి, రెండు వేళ్ల మధ్య రాసి చూసుకున్నారు. "ఇదీ నురగంటే" అన్నారు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పొద్దున ఏలూరులో రైలు అందుకోవాలి. అయినా ఆ రోజుల్లో హడావిడి పడినట్టు గుర్తులేదు. నురగ కుదిరాక గీయడం సులువైపోయింది. చేతికి భయం తీరాక కళ్లు మొహాన్ని చూడటం మొదలుపెట్టాయి. ఆయనకి మెడ ఎడమపక్క వెంట్రుకలు కిందికి కాకుండా అడ్డంగా పెరుగుతాయి. గడ్డం కింద, ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనబడని చోట, బియ్యపుగింజంత మచ్చ ఉంది. ఎప్పటిదని అడిగితే, చిన్నప్పుడు కొల్లేట్లో దోనె ఎక్కబోయి జారితే అంచు తగిలిందట. ఎవరికీ చెప్పలేదట, పడవల దగ్గరికి మళ్లీ పోనివ్వరని. ఇన్నేళ్ల కాపురంలో ఆ కబురు నేను వినడం అదే మొదలు.

కట్టు ఉండగానే మండవల్లిలో మా ఆడపడుచుగారి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ఆవిడ మావారికి అక్కగారు, నేను వదినగారంటాను. వాళ్లాయన్ని అన్నయ్యగారంటాను. ఆయనకి చేపల చెరువులున్నాయి. ఇంటి మీద కొత్తగా గదులు వేసుకుని పూజ పెట్టుకున్నారు. ఆ ఉదయం వరండాలో మావారిని కుర్చీలో కూర్చోబెట్టి, అదే బ్రష్షు, అదే సబ్బుతో తిప్పడం మొదలుపెట్టాను. నురగ రాలేదు. ఎంత తిప్పినా విరిగిన పాలలా ముక్కలుముక్కలైంది. అంతా చూస్తున్నారు.

అన్నయ్యగారు టీ గ్లాసుతో దగ్గరికొచ్చి గిన్నెలోకి తొంగిచూశారు.

"మా ఇంట్లో ఎవరికీ రాదు చెల్లెమ్మా. సబ్బులోనే లోపమనుకుని ఎన్ని రకాలు మార్చానో."

"ఇదే సబ్బు నిన్న ఏలూరులో బాగానే వచ్చిందండీ" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. చెరువు నీళ్లు టెస్టు చేయించినప్పుడు రిపోర్టులో హార్డ్‌నెస్, అంటే నీళ్ల కఠినత్వం, అని ఒకటి రాసిస్తారట. అది చేపలకే అనుకున్నారట గానీ, తన గడ్డానికి కూడా అని ఎన్నడూ తట్టలేదన్నారు. ఇంక ఆయనా నేనూ వరండా గట్టు మీద స్టీలు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో చెరువు నీళ్లు, ఒకదాంట్లో కాలవ నుంచి తెచ్చి తేర్చినవి, ఒకదాంట్లో తాగడానికి కొనుక్కునే టిన్ను నీళ్లు. ఒక్కో గ్లాసుకీ బ్రష్షు కడిగి మొదట్నుంచి తిప్పాను. బోరు నీళ్లలో మళ్లీ విరిగింది. చెరువు నీళ్లలో వచ్చినట్టే వచ్చి కూలిపోయింది. కాలవ నీళ్లలో నిలబడింది. టిన్ను నీళ్లలో అయితే నేను అడగనంత వచ్చి గిన్నె అంచు దాటింది.

అన్నయ్యగారు ఊరుకోలేదు. ఒక బుగ్గకి బోరు నురగ, ఒక బుగ్గకి టిన్ను నురగ రాయించుకుని అద్దం తెప్పించారు. మావారు తన వంతు మర్చిపోయి కుర్చీలోనే నవ్వుతున్నారు. వదినగారు వచ్చి, పూజ పెట్టుకుని తాగే నీళ్లతో గడ్డాలేమిటని కసిరారు. అంతలోనే ఆ గ్లాసుల వంక చూస్తూ ఆగిపోయారు.

"అయితే అమ్మాయ్, తలంటుకున్నాక నా జుట్టు అట్టలు కట్టేది కూడా ఇందుకేనా?"

నాకు తెలియదన్నాను. సాయంత్రం కాలవ నీళ్లు కాచి ఆవిడకి తలంటి చూశాం. దువ్వెన సాఫీగా దిగింది. ఆవిడ చాలాసేపు ఆ దువ్వెన దించుతూనే కూర్చున్నారు.

కట్టు విప్పాక ఆయన చెయ్యి పుల్లలా సన్నబడి, బిగుసుకుపోయి ఉంది. మణికట్టు మెల్లగా గుండ్రంగా తిప్పమన్నారు డాక్టరుగారు. గోరువెచ్చటి నీళ్లతో బ్రష్షు తిప్పితే సరిపోతుందా అని మావారు అడిగితే, అంతకన్నా మంచి కసరత్తు లేదని డాక్టరుగారు నవ్వారు. కొన్నాళ్లు నురగ మావారిది, రేజరు నాది. ఆ తర్వాత ఒక పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన గీసేసుకుని, మొహం తుడుచుకుంటూ కనబడ్డారు. బాగుందా అని అడిగితే బాగుందన్నాను. నిజంగానే బాగుంది. నా పని తగ్గినందుకు సంతోషించాలి గానీ, కాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను.

ఆ వేళ స్టేషనుకి ముందుగా చేరి, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నారు. చెవి తమ్మె వెనక సబ్బు ఆరి, తెల్లటి గీతలా ఉండిపోయింది. ఏ ఊరి నీళ్లతో గీసుకుని బయల్దేరారో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అంతలో తాడేపల్లిగూడెం వచ్చేసింది, దిగిపోయాను.