తెల్లోళ్ళ టీవీలో వాన

నాకు నోరెక్కువ. ఊళ్ళో అందరూ అనే మాటే. కానీ నాయనకు ఒక్క నిజం చెప్పడానికి మాత్రం ఆ నోరు లేవలేదు.

నాయన గొర్రెల కాపరి. నిరుడు చలికాలం పోయే రోజుల్లో మంద వెంట నడుస్తూ నడుస్తూనే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆయన అనంతపురం ఆసుపత్రిలో ఉండగానే నేనూ చిన్నాయనా కలిసి జీవాలన్నీ సంతకు తోలి అమ్మేశాం. మేపే మనిషి లేడు, గుట్ట మీద పచ్చ పోచ లేదు, బోరు ఎండిపోయింది. ఏం చెయ్యమంటారు? ఇంటికి తెచ్చిన రోజు నాయన మంచం మీద నుంచే ఖాళీ దొడ్డి వైపు చూసి, ఎడమ చెయ్యి తిప్పి, ఏవీ అని అడిగాడు. ఆలోచించకుండానే నా నోట్లోంచి వచ్చేసింది.

"చిన్నాయన పామిడి పక్క తోలుకపోయినాడు నాయనా. పెన్న కాడ మేత ఉండాదంట. వాన పడితే తోలుకొస్తాడులే."

మేత లేని ఏడాది మందలను అలా దూరం తోలుకుపోవడం మాకు మామూలే. అందుకే నమ్మాడు. పామిడిలో ఉండాల్సిన చిన్నాయన ఇక మా ఇంట్లో కనబడకూడదు కదా. సొంత అన్నను చూడడానికి దొంగలా పెరట్లోకి వచ్చి, తలుపు సందులోంచి చూసి, కళ్ళు తుడుచుకుని పోయేవాడు. ఇదంతా నా నోటి పుణ్యం.

నాయనకు పొద్దు పోవాలని సోమందేపల్లెలో టీవీలు బాగుచేసే ఆయన చేత మా టీవీకి ఒక పెట్టె పెట్టించాను. అన్ని దేశాల చానళ్ళూ వస్తాయన్నాడు. నేను రిమోటు నొక్కుకుంటూ పోతుంటే నాయన ఒకచోట చెయ్యెత్తి ఆపాడు. ఇంగ్లండు చానల్. తెర నిండా వాన. ఇక దాన్ని మార్చనిస్తే ఒట్టు.

పక్కనే మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ ఉండేదాన్ని కాబట్టి ఆ చానల్ రోజంతా నాకు కంఠస్థమైపోయింది. ఇంగ్లీషు ఇద్దరికీ రాదు. ముఖాలను బట్టి కథ అల్లుకునేవాళ్ళం. మనకు పదకొండయ్యేసరికి వాళ్ళకు తెల్లవారుతుంది. ఇద్దరు సోఫాలో కూర్చుని నవ్వుకుంటూ వార్తలు చెప్తారు. తర్వాత మొగుడూ పెళ్ళాం ఇల్లు కొనడానికి బయల్దేరుతారు. ఇళ్ళు చూపించే ఆయన వెంట మూడిళ్ళు తిరిగి, మూడింటికీ ముఖం చిట్లించి, చక్కా పోతారు. "కొననోళ్ళు యాల వచ్చినారమ్మా, ఆయప్ప కాళ్ళు పీకలేదా తిప్పి తిప్పి!" అని నేను మిషను ఆపి తిట్టేదాన్ని. నాయన మూతి ఎడమ పక్కకు మాత్రం నవ్వేది. ఆ నవ్వు కోసమే ఇంకో నాలుగు తిట్లు కలిపేదాన్ని. ఆ తర్వాత పాత సామాన్ల వేలం. సొట్ట పడిన కెటిల్ కోసం పోటీలు. ఆ పైన గొడుగు పట్టుకుని తోట తవ్వే పెద్దాయన, కేకు పొంగలేదని వెక్కి వెక్కి ఏడ్చే ఒకామె. వార్తలు కానీ, వంట కానీ, కిటికీ అవతల మాత్రం వాన పడుతూనే ఉండేది.

ఐదింటికి పల్లెటూళ్ళ కార్యక్రమం. నాయన రోజంతా ఎదురుచూసేది దానికే. పచ్చటి గుట్టల మీద గొర్రెలు, కాపరి ఈల వేస్తే పరిగెత్తి వాటిని మళ్ళించే కుక్క. కుక్కను చూసి నాయన పెదవి విరిచేవాడు. ఆయనకు ఈలతో, కుక్కతో పని లేదు. ఒక కూత ఉండేది. "త్ర్‌యో... హో" అన్నాడంటే గుట్ట అవతలి మంద కూడా తిరిగొచ్చేది. ఏ కాపరి కూత ఆ కాపరిదే. వేరేవాళ్ళు గొంతు చించుకున్నా ఆ జీవాలు తలెత్తవు.

కార్యక్రమం అయ్యాక నాయన తెర మీది వాన చూపించి, మా గుమ్మం చూపించి, చెయ్యి తిప్పేవాడు. మనకెప్పుడు అని. "పడుతుందిలే నాయనా" అనేదాన్ని. పైకి అలా అని, లోపల పడకూడదని మొక్కుకునేదాన్ని. కరువు సీమలో పుట్టి వాన వద్దనుకున్న పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒక సాయంత్రం తెర మీద గొర్రెలు ఉండగానే కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది, వాన చప్పుడు మాత్రం ఆగలేదు. రేకుల మీద పడుతోంది. అది మా వానే అని తెలియడానికి ఇద్దరికీ కాసేపు పట్టింది.

నాయన ఎడమ మోచేతి మీద లేచాడు. గుమ్మం వైపు తిరిగి నోరు తెరిచాడు.

"త్ర్‌యో... హో."

ఒక్క మాట పలకని నోరు. దొడ్డి వైపు చెవి పెట్టి విన్నాడు. అలికిడి లేదు. మళ్ళీ పిలిచాడు. మెడగంట చప్పుడైనా లేదు. మూడోసారి పిలవగానే పెరటి తలుపు దబాలున తెరుచుకుంది. చూరు కింద నిలబడి ఉన్న చిన్నాయన అన్న గొంతు విని ఉండబట్టలేకపోయాడు.

"అన్నా! గొంతు లేసిందే అన్నా నీకు!" అంటూ వచ్చి మంచం పట్టుకున్నాడు.

నాయన ముఖం వెలిగిపోయింది. వాన వచ్చింది, తమ్ముడు వచ్చాడు. తమ్ముడి భుజం మీదుగా బయటికి చూశాడు. తర్వాత తమ్ముడి చేతులు చూశాడు. కట్టె లేదు. భుజాన గొంగడి లేదు. పామిడి నుంచి మందతో నడిచొచ్చిన మనిషి కాడు.

"జీవాలు లేవన్నా," అన్నాడు చిన్నాయన, తల దించుకుని. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే అమ్మేస్తిమి."

నాయన నా వైపు చూశాడు. కోప్పడినా బాగుండేది. ఎడమ చేత్తో తమ్ముడి తల మీది నీళ్ళు తుడిచి, మెల్లగా వెనక్కి వాలాడు. మొదటి రోజే చెప్పేసి ఉంటే ముగ్గురం కలిసి ఏడ్చేవాళ్ళం. అన్ని నెలలూ ఆయన ఒక్కడే ఎదురుచూసేలా చేశాను.

మరునాడు పదకొండుకు నేనే టీవీ పెట్టాను. నాయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. సోఫా వాళ్ళు వచ్చి పోయారు, ఇల్లు కొనని మొగుడూ పెళ్ళాం వచ్చి పోయారు. నేను తిట్టలేదు. ఐదింటికి గొర్రెలు వచ్చాయి.

"నాయనా, ఇటు చూడు. గొర్రెలొచ్చినాయి. నాయనా."

నేను ఎంత పిలిచినా తలెత్తలేదు.