గాలి చాల్లేదన్న సారు

ఆ సాక్సోఫోన్ సారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. క్రిస్మస్ ఆరాధనలో వాయిస్తానని కోవూరులో మా పాస్టరుగారికి మాటిచ్చి, మొదటి పాఠాల కోసం నెట్‌లో వెతికితే దొరికాడు. సొంతూరు నెల్లూరే, ఉండేది చెన్నైలో, పాఠాలన్నీ వీడియో కాల్‌లోనే. రెండు నెలలు ఒక్క పాటా నేర్పలేదు. ఒకే స్వరాన్ని ఊపిరి అయిపోయేదాకా సాగదీయమనేవాడు. నేను ఊదడం మొదలుపెట్టగానే కళ్లు మూసుకుని చూపుడువేలు పైకెత్తేవాడు.

"ఆపమ్మా. గాలి చాల్లేదు."

"బాగానే ఊదినా గదా సార్!"

"నువ్వు చెప్తే ఎట్టమ్మా? సాక్సోఫోన్ చెప్పాల."

ఈయన అసలు వింటున్నాడా అని నాకు అనుమానం వచ్చింది. ఒకరోజు కెమెరా పాడైందని అబద్ధమాడి, ఆయనే ఎప్పుడో నెట్‌లో పెట్టిన వీడియోని ఇంకో ఫోన్‌లో వినిపించాను. తెర మీద వేలు లేచింది.

"ఆపమ్మా. గాలి చాల్లేదు."

"వాయించింది నేను కాదు సార్, మీరే. మీ వీడియోనే పెట్టినా" అన్నాను, కసితీరా.

ఆయన కళ్లు తెరిచాడు. సిగ్గుపడతాడని, కనీసం తిడతాడని ఎదురుచూశాను. "మళ్లా పెట్టు" అన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాడు.

"అవునమ్మా, నాదే. అప్పుడు గూడా చాల్లేదు."

ఫోన్ పెట్టేశాను. మళ్లీ ఆయన ముఖం చూడలేదు. వేరే ఒకాయన దగ్గర పాట నేర్చుకుని క్రిస్మస్‌కి వాయించాను. చర్చిలో అందరూ బాగుందన్నారు. ఆ మాటని నేను నమ్మలేకుండా చేశాడు చూడండి, అందుకే ఆయన్ని క్షమించలేదు.