దివిసీమలో కూత వినపడని ఫైనల్

నా చెల్లెలి కొడుకు కిరణ్ కబడ్డీ ఆడతాడు. గుడివాడ జట్టులో కూతకు వెళ్ళేది ఎక్కువగా వాడే. అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్ళో ఏటా జరిగే పోటీల్లో ఈసారి వాళ్ళ జట్టు ఫైనల్‌కు చేరింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి వాడి సెలక్షన్స్ సరిగ్గా తొమ్మిది రోజుల్లో ఉన్నాయి. వయసు లెక్కన వాడికి అదే ఆఖరి అవకాశం. "దెబ్బలు తగలకుండా చూసుకోమని దగ్గరుండి చెప్పు అన్నయ్యా, నా మాట వాడు వినడు" అంది చెల్లెలు. ఆటలు చూసే అలవాటు లేకపోయినా అందుకే బయలుదేరాను.

ఆ వైపు వెళ్ళాలనుకునేవారికి దారి సులువే. పొద్దున్నే గుడివాడలో ప్యాసింజర్ ఎక్కి ఎనిమిదిలోపు మచిలీపట్నంలో దిగాను. బస్టాండు దగ్గర నలభై రూపాయలకు ఇడ్లీ, టీ అయ్యాయి. అక్కడి నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకు బస్సులో గంటన్నర పట్టింది. కోతలు అయిపోయి పొలాల్లో మినుము మొలిచింది. అవనిగడ్డలో షేర్ ఆటో ఎక్కాను, మనిషికి ముప్ఫై.

"ఫైనల్‌కేనాండీ?" అన్నాడు డ్రైవరు.

"అవును."

"మాంచి గొడవ నడుస్తోందండీ అక్కడ. పెద్దాళ్ళేమో బ్యాండు మేళం అన్నారు, కుర్రాళ్ళేమో డీజే అన్నారు. రెండూ తెచ్చి కూర్చోబెట్టారు. ఏది మోగాలో తేలట్లేదు."

"మీకేది ఇష్టం?"

"నాకేవుందండీ, రెండూ ఇష్టమే. ఆటోలో డీజే పాటలే పెడతాను. మా అమ్మ ఎక్కిందంటే కట్టేస్తాను."

నేను చేరేసరికి పదకొండున్నర. షామియానా కింద భోజనాలు పెడుతున్నారు. అన్నం, పప్పుచారు, చేపల పులుసు. ఆ ఊరివాళ్ళు వచ్చినవాళ్ళెవరినీ డబ్బులడగరు. నా పక్కన కూర్చున్నాయన చల్లపల్లి బ్యాండు మేళం మాస్టారు యేసోబు గారు. క్లారినెట్ పెట్టెను ఒళ్ళోంచి దించకుండానే తింటున్నారు. ఇంతలో కమిటీ ప్రెసిడెంటు వచ్చి, ఆటయ్యేదాకా డీజేనే ఉంచుదామని కుర్రాళ్ళు పట్టుబడుతున్నారని చెప్పాడు.

"ఉంచుకోండి, కాదన్ను," అన్నారు యేసోబు గారు. "కానీ ఒక్కమాటండీ. కూతకెళ్ళినోడు గీత దాటగానే మేం వాయిద్యాలు దించేస్తాం. మా నాన్న నాడు కూడా అంతే. కూత వినపడాలి, ఈల వినపడాలి. ఆ డీజే పెట్టెలకి చెవులున్నాయా?"

ఎదురు వరసలో స్నేహితులతో తింటున్న కిరణ్ నవ్వాడు. "మాస్టారూ, మీరు వాయిస్తుంటే అక్షింతలు వెయ్యాలనిపిస్తదండీ. డీజే కొడితే కాళ్ళు వాటంతటవే లేస్తాయి."

అందరూ నవ్వారు. యేసోబు గారు కూడా నవ్వి, పెరుగు కలుపుకున్నారు. ప్రెసిడెంటు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మావయ్యగారూ. ఆడేది మీ మేనల్లుడు. ఎలా చేద్దాం?"

యేసోబు గారన్నది సబబని నాకు తెలుసు. కానీ కిరణ్ నన్నే చూస్తున్నాడు. వాడి స్నేహితుల ముందు పాతకాలం మనిషినైపోతానని అనిపించింది. "కుర్రాళ్ళ ఆట, కుర్రాళ్ళ ఇష్టం" అన్నాను.

నాలుగింటికి ఆట మొదలైంది. నాలుగు వైపులా మనిషెత్తు స్పీకర్లు. పాట మోగితే కుర్చీ కాళ్ళు కూడా అదిరాయి. జనం హుషారుగానే ఉన్నారు, కాదనను. మొదటి సగంలో కూత వినపడక అంపైర్ రెండుసార్లు ఆట ఆపి డీజే వైపు చెయ్యి ఊపాడు. కాసేపు తగ్గించి, మళ్ళీ పెంచారు.

రెండో సగంలో కిరణ్ కూతకు వెళ్ళి, తిరిగి వస్తూ పక్క గీత తొక్కాడు. అంపైర్ ఈల వేసి చెయ్యెత్తాడు. అంపైర్ ఎదురుగా ఉన్న కిరణ్ ఆ చెయ్యి చూసి ఆగి, నడుం నిటారు చేశాడు. వెనక ఉన్న ముగ్గురికి ఈల వినపడలేదు. ఆట నడుస్తోందనుకుని ముగ్గురూ ఒకేసారి వాడి కుడికాలి మీద పడ్డారు. వాళ్ళ తప్పు లేదు. మోకాలు పక్కకు తిరిగింది. వాడు నోరు తెరిచి అరవడం చూశాను, అరుపు మాత్రం వినపడలేదు. వాడు కింద పొర్లుతున్నంతసేపూ అవతలి వైపు జనం పాటకు చేతులూపుతూనే ఉన్నారు. యేసోబు గారు పరుగెత్తుకెళ్ళి డీజే వైరు పీకేశారు. అప్పుడు వినపడింది.

అంబులెన్సులో వాడి పక్కన కూర్చున్నాను. మోపిదేవి దాటాక కిరణ్ కళ్ళు తెరిచాడు.

"మావయ్యా, నీకు డీజే అంటే పడదు కదా?"

"పడదురా."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం? నువ్వు వద్దంటే నేనే డీజే మాన్పించేవాణ్ణిగా."

మోకాలిలో రెండు లిగమెంట్లు తెగాయని డాక్టరు ఆ రాత్రే చెప్పాడు. సెలక్షన్స్ రోజున వాడు మంచం మీదే ఉన్నాడు.

పాటల్లో ఎవరి ఇష్టం వాళ్ళది. ఆ రోజు నాకు నచ్చనిది కిరణ్‌కు నచ్చింది, అందులో తప్పేమీ లేదు. అక్కడ తేలాల్సింది ఏ పాట బాగుందన్నది కాదు, ఈల వినపడుతుందా లేదా అన్నది. ఆ తేడా యేసోబు గారు అన్నం తింటూనే చెప్పారు. మనసులో మాట చెప్పకపోవడాన్ని మర్యాద అనుకుని నేను చాలా ఏళ్ళు బతికాను. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

అలాంటి పోటీకి వెళ్ళేవారికి ఒక్క సూచన. ఆట మొదలయ్యే ముందే పాట పెట్టించి, అంపైర్‌తో ఈల వేయించి, కోర్టు నాలుగు మూలలా నిలబడి వినండి. వినపడకపోతే, ఎవరూ అడగకపోయినా చెప్పండి. నన్నైతే అడిగారు కూడా.