కొండలు లేని పటం

కానాగంత చేపలు మా తీరంలో ఎలాంటి నీళ్ళలో ఎక్కువ పడతాయో పటం గీయడం నా డిగ్రీ ప్రాజెక్టు. నాన్నా, పెదనాన్నా ఒకే పడవ మీద వేటకు వెళతారు. నేనిచ్చిన థర్మామీటరుతో నాన్న సముద్రంలోంచి బకెట్టు నీళ్ళు తోడి వేడి చూసేవాడు. ఇంటికొచ్చాక నీటి రంగు, లోతు, వలలో పడిన చేప, అన్నీ చెప్పేవాడు. చోటు కూడా.

చిక్కంతా అక్కడే వచ్చింది. పడవలోంచి చూస్తే మహేంద్రగిరి కొండ ఒడ్డునున్న ఏ సరుగుడు తోట నెత్తి మీదికి వస్తే అక్కడ వల వేయాలో, ఆ గుర్తు మా ఊళ్ళో ఏ పడవవాళ్ళూ బయటికి చెప్పరు. నేను ఆ కొండనీ, తోటలనీ కూడా రంగులతో గీసి, అరుగు మీద ఆరబెట్టాను.

పెదనాన్న చూశాడు.

“ఇదేటే అమ్మీ? మన సోట్లన్నీ పలాసలో కాలేజీ గోడకి అంటించీడానికా? రేపు డొంకూరోల్లు పడవలేసుకుని దిగిపోతారు. సింపీ!”

నాన్న తల దించుకున్నాడు.

“సింపకపోతే ఆ గాజుపుల్ల ఇంక పడవెక్కదు,” అన్నాడు పెదనాన్న.

థర్మామీటరు పడవెక్కకపోతే నా పటం సగంలో ఆగిపోతుంది. నేను ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అనాలనుకున్నవి డైరీలో రాసుకుని పడుకుంటాను. ఆ రోజు మాత్రం పటాన్ని వీపు వెనక దాచుకుని నిలబడ్డాను.

“సింపను పెదనాన్నా. నిన్న ఎల్లింది ఇందులో గీసిన సోటుకే కదా? ఏటి పడ్డాది?”

వంటింట్లోంచి పెద్దమ్మ నవ్వింది. “ఏటి పడ్డాది, వల తడిసింది!”

“నువ్వూరుకోయే!” పెదనాన్న అటు కసిరాడు.

“మొన్నటి వారం అక్కడ నీల్లు సల్లగా, పచ్చగా ఉన్నాయి. సేప పడ్డాది. నిన్న ఎచ్చగా ఉన్నాయి. సేప సోటు పట్టుకుని కూకోదు, నీల్లతో పోతాది. నాకు కావాల్సింది నీల్లు. నీ కొండ నాకెందుకు?”

కొండ మీదా తోటల మీదా తెల్లరంగు పూసేస్తానన్నాను. ఎన్ని బారల లోతు, నీళ్ళ వేడి ఎంత, ఎంత చేప పడింది, వీటిని మాత్రం ఎవరు చెప్పినా చెరపనన్నాను.

పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు వేట నుంచి వచ్చి, తడి లుంగీతోనే అరుగు దగ్గర ఆగాడు. నా వైపు చూడలేదు.

“నీల్లు ఇరవయ్యేడు డిగ్రీలు. పదారు బారలు. కానాగంతలు బాగానే పడ్డాయి. సోటు మాత్రం సెప్పను.”

“నేనడగనేదు,” అన్నాను, బ్రష్షుకి అంటిన తెల్లరంగు కడుక్కుంటూ.